మన నేలలోని వికిరణము: భయము కాదు, కొలత కావలెను

నూజివీడు చుట్టుప్రక్కల మామిడితోటల నడుమ ఎక్కడైన ఒక క్రొత్త సెల్ టవరు లేచినచో, టీ కొట్టు దగ్గర నలుగురు చేరి అనుకొను మాట ఒక్కటే: "ఇక రేడియేషను తప్పదు, పూత రాలిపోవును, పిల్లలకు క్యాన్సరు వచ్చును." ఈ మాట అనువారిలో ఒకరి చేతిలో బీడీ కాలుచుండును. మరియొకరి సంచిలో, నడుమునొప్పి కొరకు బెజవాడ పోయి తీయించుకొన్న సీటీ స్కాను ఫిల్ములు ఉండును. ఆ బీడీ మీద గాని, ఆ స్కాను మీద గాని ఎవరికిని అనుమానము లేదు. అనుమానమంతయు ఆకాశములోని ఇనుప కమ్మీల మీదనే. పరిహాసము కొరకు మేము ఈ ముచ్చట చెప్పుట లేదు. ఆ నలుగురిలో మా తండ్రులు ఉన్నారు, మా బాబాయిలు ఉన్నారు, ఒక్కొక్కప్పుడు మేమును ఉన్నాము. భయపడుట తప్పు కాదు. దేనికి ఎంత భయపడవలెనో తెలిసికొనక పోవుట తప్పు.

మా కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖములు. ఒక ప్రక్క తెరచిన ఉర్దూ, మరియొక ప్రక్క తెరచిన తెలుగు. ఈ విషయమునకు రెండు భాషలును చెరియొక మంచి మాటను ఇచ్చినవి. ఉర్దూలో దీనిని 'తాబ్‌కారీ' అందురు. తాబ్ అనగా కాంతి, వేడిమి. తెలుగులో 'రేడియోధార్మికత' అనుచున్నాము. ఇచ్చట ధర్మమనగా పుణ్యము కాదు. అగ్నికి వేడిమి ధర్మమైనట్లు, కొన్ని పదార్థములకు కిరణములను వెదజల్లుట ధర్మము. అట్లు వెలువడునది వికిరణము. ఈ రెండు మాటలును చెప్పునది ఒక్కటే. ఇది ఎవరో తెచ్చి మన మీద చల్లిన విషము కాదు. యురేనియము, థోరియము, పొటాషియము కలిగిన మట్టికి, రాతికి పుట్టుకతో వచ్చిన స్వభావము. 1896లో బెకెరల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొన్నాడు గాని, అంతకు ముందును అది ఉన్నది. మన తాతముత్తాతలు దానిలోనే పుట్టి, దానిలోనే నడచి, ఆ మట్టిలోనే కలిసినారు.

ముందుగా ఒక భేదము గుర్తింపవలెను. సెల్ టవరు తరంగములకు పరమాణువునుండి ఎలక్ట్రానును పెరికివేయగల శక్తి లేదు. థోరియము, రేడియము, ఎక్స్‌రే కిరణములకు ఆ శక్తి కలదు. జీవకణములోని వంశసూత్రమును త్రెంచగలిగినవి ఈ రెండవ జాతి కిరణములే. మేము ఈ వ్యాసములో చెప్పబోవునది వీనిని గురించియే.

ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘము లెక్క ప్రకారము ప్రపంచములోని సగటు మానవునికి ప్రకృతినుండి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల వికిరణము అందును. ఇందులో దాదాపు సగము రేడాను అను వాయువువలన వచ్చినది. అది నేలలోని యురేనియమునుండి పుట్టి, నెఱ్ఱెలగుండ, గచ్చు పగుళ్లగుండ ఇండ్లలోనికి చేరును. తక్కిన సగములో కొంత ఆకాశమునుండి, కొంత నేలనుండి, కొంత తిండినుండి వచ్చును. తిండినుండియా అని ఆశ్చర్యపడనక్కరలేదు. మన చిన్నరసములో పొటాషియము కలదు. పొటాషియములో స్వల్పభాగము సహజముగనే రేడియోధార్మికము. పావుకిలో మామిడి గుజ్జులో క్షణమునకు పన్నెండు పదమూడు పరమాణువులు విచ్ఛిన్నమగుచుండును. ఆ పండు తినువాని దేహములోనో, క్షణమునకు 4 వేలకు పైగా విచ్ఛిన్నమగుచుండును! దేహము తనకు కావలసినంత పొటాషియమునే నిలుపుకొని మిగిలినదానిని విసర్జించును గనుక, ఎన్ని రసములు జుఱ్ఱినను ఈ లెక్క పెరుగదు. కావున మామిడిపండు నిర్భయముగ తినవచ్చును. వికిరణము సున్నగా ఉన్న చోటు భూమి మీద లేదని మాత్రము గ్రహించిన చాలును. ఎచ్చట ఎంత, దానివలన ఏమి అనునవే అసలు ప్రశ్నలు.

ఎచ్చట ఎంత అనగా, మన తెలుగుదేశమునకు ఈ ప్రశ్నతో చాల దగ్గరి చుట్టరికము కలదు. బెజవాడ కొండలును, కొండపల్లి కొండలును, ఉత్తరమున విశాఖ, శ్రీకాకుళం దాక సాగిన తూర్పుకనుమలును ఒకే రాతి కుటుంబమునకు చెందినవి. చార్నొకైటు, ఖొండలైటు అని భూగర్భశాస్త్రజ్ఞులు వానిని పిలుతురు. ఈ రాళ్లు కోట్ల సంవత్సరములు వానకు, ఎండకు నలిగి ఇసుకయైనవి. వాగులు, నదులు ఆ ఇసుకను సముద్రమునకు చేర్చినవి. అలలు తేలిక రేణువులను లాగికొనిపోయి, బరువైన రేణువులను ఒడ్డున పేర్చినవి. చేటతో బియ్యము చెరిగినప్పుడు జరుగు పని వంటిదే అచ్చట అలలు చేసినవి. అట్లు మిగిలినవి ఇల్మనైటు, గార్నెటు, సిల్లిమనైటు, జిర్కాను, మోనజైటు. భీమునిపట్నం తీరమున నడచినవారు తెల్లని ఇసుక నడుమ నల్లని, ఎఱ్ఱని చారలను చూచియుందురు. చూడవచ్చిన ప్రతివాడును ఫొటో తీసికొను ఎఱ్ఱమట్టి దిబ్బలలోను ఇవే ఖనిజములు కలవు. ఈ రేణువులలో మోనజైటు అనునది థోరియమును దాచుకొన్నది. వికిరణము దానినుండి వచ్చును.

అణుఖనిజ సంచాలనాలయము హైదరాబాదులో ప్రధాన కార్యాలయము కలిగిన కేంద్రప్రభుత్వ సంస్థ. దాని అంచనాల ప్రకారము దేశములోని మోనజైటు నిల్వలలో ఆంధ్రప్రదేశమునకే ప్రథమస్థానము. దేశమంతట కోటి 20 లక్షల టన్నులకు పైగా ఉండగా, అందులో సుమారు 37 లక్షల టన్నులు మన రాష్ట్రములోనివే. పేరు కేరళది, రాశి మనది. మన ఎల్లదాటి గంజాం జిల్లాకు పోయినచో అచ్చటి ఛత్రపురం తీరము శాస్త్రజ్ఞులు కొలిచి అధిక వికిరణ ప్రాంతమని ప్రకటించినది. ఆ జిల్లాలో తెలుగు మాట్లాడు కుటుంబములు వేలకొలదిగ ఉన్నవి. కావున ఇది ఎక్కడో ఇరాను దేశపు, బ్రెజిలు దేశపు వింత కాదు. మన జాలరుల, మన కొబ్బరి రైతుల, మన పిల్లల సంగతి.

థోరియము మనకు పరాయిది కాదని చెప్పుటకు ఇంకొక గుర్తు కలదు. కరెంటు సరిగా లేని రోజులలో పెండ్లి ఊరేగింపులకు, దర్గా ఉరుసులకు తలమీద మోసిన పెట్రోమాక్సు దీపములను పెద్దలు మరువరు. ఆ దీపములోని తెల్లని వలసంచికి కన్ను చెదరు వెలుగునిచ్చినది థోరియమే. 1909లో షోంబర్గ్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు తిరువాన్కూరునుండి వచ్చిన కొబ్బరిపీచుకు అంటిన ఇసుకలో మోనజైటును గుర్తించినాడు. ఆనాడు ఐరోపా వర్తకులు దాని కొరకు ఎగబడినది ఈ వలసంచుల కొరకే. అణుబాంబు అప్పటికి ఎవరి కలలోను లేదు.

ఇక, దానివలన ఏమి? అధిక వికిరణపు నేలమీద తరతరములుగా బ్రతుకువారికి ఏమగును? ఈ ప్రశ్నకు ప్రపంచములో మిక్కిలి ఓపికతో సమాధానము వెదకినది కేరళ రాష్ట్రములోని కరునాగపల్లి తాలూకా. నీండకర, చవర మొదలగు గ్రామములలో కొన్ని చోట్ల ఏడాదికి 70 మిల్లీగ్రేల దాక వికిరణము కలదు. 1976లో ఢిల్లీ అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ తీరమున డౌన్ సిండ్రోము అను పుట్టుక లోపము ఎక్కువగా ఉన్నదని ప్రకటింపగా దేశము ఉలిక్కిపడినది. అంతలోనే ఇతర శాస్త్రజ్ఞులు, లెక్కకు దొరికిన వ్యక్తులు కొద్దిమంది అనియు, తల్లుల వయస్సును తగినంతగ పరిగణింపలేదనియు ఆక్షేపించినారు. వాదము వాదముగనే మిగిలిపోయెడిదే. కాని కేరళ అంతటితో ఊరకుండలేదు.

1990లో కరునాగపల్లిలో క్యాన్సరు నమోదు పుస్తకము తెరచినారు. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సరు కేంద్రము వారు ఇంటింటికి పోయినారు. ఇంటి లోపల ఎంత వికిరణమో, వెలుపల ఎంతయో కొలిచినారు. ఎవరు పొగ త్రాగుదురు, ఎవరు ఏమి పని చేయుదురు, ఎవరు ఎంత చదివినారు అని వ్రాసికొన్నారు. 69,958 మందిని 2005 సంవత్సరము దాక కనిపెట్టియుండి, వారిలో వచ్చిన 1,379 క్యాన్సరులను ఒక్కొక్కటిగ లెక్కించినారు. 2009లో ఫలితము ప్రకటించినారు: వికిరణము ఎక్కువగ ఉన్న ఇండ్లలో క్యాన్సరు ఎక్కువగ కనబడలేదు. పుట్టుక లోపముల విషయములోను 1995 నుండి 2012 వరకు ఆ తీరపు ఆస్పత్రులలో పుట్టిన 1,41,540 మంది శిశువులను పరీక్షించినారు. అధిక వికిరణ ప్రాంతమునకు, సాధారణ ప్రాంతమునకు చెప్పుకోదగిన భేదము లేదని తేలినది. చైనాలోని యాంగ్‌జియాంగ్ ప్రాంతములో జరిగిన పరిశీలనలును ఇంచుమించుగ ఈ త్రోవనే నడచినవి. ఇరానులోని రామ్‌సర్ పట్టణములో వేడినీటి ఊటలు రేడియమును పైకి తెచ్చును. అచ్చట కొన్ని ఇండ్లలో ఏడాదికి 260 మిల్లీగ్రేల దాక కొలిచినారు. కాని ఆ వీధులలో నివసించువారు కొద్దిమందియే గనుక వారినిబట్టి గట్టి తీర్పు చెప్పుటకు వీలు లేదు.

ఇంతవరకు చదివినవారు "అయితే భయమేమియు లేదన్నమాట" అని పుస్తకము మూయవచ్చును. అట్లు మూయవలదని మా మనవి. 2002లో అదే కేరళ తీరపు కుటుంబములపై జరిగిన వేరొక పరిశోధనలో, తల్లినుండి బిడ్డకు సంక్రమించు మైటోకాండ్రియా వంశసూత్రమున మార్పులు అధిక వికిరణ ప్రాంతములో ఎక్కువగ కనబడినవి. ఆ మార్పులు వ్యాధులు కావు. కాని నేలలోని కిరణము దేహముపై తన వ్రాత వ్రాయుచున్నదనుటకు అవి గుర్తులు. 2023లో ఫ్రాన్సు, బ్రిటను, అమెరికా దేశముల అణుపరిశ్రమలలో పనిచేసిన 3 లక్షలకు పైగా కార్మికుల పరిశీలన ప్రకటితమైనది. కొద్దికొద్దిగా, ఏండ్ల తరబడి అందిన వికిరణమైనను క్యాన్సరు మరణములను కొంత పెంచునని అది చెప్పినది. కేరళ తీరము ఒక మాట చెప్పగా, ఈ కార్మికుల లెక్క వేరొక మాట చెప్పుచున్నది. రెండును నిజాయితీగా చేసిన పనులే. ప్రమాదము ఉన్నను అది చిన్నది. చిన్నదానిని పట్టుటకు పెద్ద లెక్క, పొడుగాటి ఓపిక కావలెను. శాస్త్రము ఇచ్చట నిలిచియున్నది. దీనిని ఉన్నదున్నట్లు ఒప్పుకొనుటయే విద్యావంతుని లక్షణమని మా అభిప్రాయము.

ఈ విషయమై రెండు తప్పుడు మార్గములు కలవు. రెంటిని గురించియు మేము గట్టిగా చెప్పదలచినాము.

మొదటిది, అన్ని రోగములను వికిరణము నెత్తిన రుద్దుట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమును చూడుడు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడిమామిడి నడుమ ఎంత పచ్చని సీమ! అచ్చట రెండు మూడు దశాబ్దములుగ మూత్రపిండముల వ్యాధి ఇంటింట దీపములను ఆర్పుచున్నది. నీటిలోని సిలికా అనువారు కలరు. ఎండలో దాహమునకు నీరు లేక పనిచేయుట అనువారు కలరు. పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశలక్షణము అనువారును కలరు. తీరపు ఇసుకలోని వికిరణము మీద వేలు చూపినవారును కలరు. ఇదియే కారణమని ఒక్కదానిని శాస్త్రము ఇంకను తేల్చలేదు. వికిరణమే కారణమైనచో, అంతకన్న బలమైన కేరళ తీరమున ఆ వ్యాధి ముందుగ ప్రబలవలెను గదా? ముందు వేసికొనవలసిన ప్రశ్న ఇది. మనకు మరింత చేరువగ, తిరువూరు ప్రాంతములోని ఎ.కొండూరు తండాలలోను ఇదే మూత్రపిండముల బాధ కలదు. అచ్చట సముద్రపు ఇసుక లేనే లేదు. తప్పు కారణమును పట్టుకొన్నచో అసలు కారణము తప్పించుకొనును. దాని మూల్యమును రోగి చెల్లించును. అంతేగాక, ఊరికి ఒక చెడ్డపేరు పడినచో ఆ ఊరి పిల్లకు సంబంధము కుదురదు, ఆ ఊరి పంటకు ధర పలుకదు. పుకారుకు బలియగునది ఎల్లప్పుడును బీదవాడే.

రెండవ తప్పుడు మార్గము దీనికి తలక్రిందులు. "కేరళలో ఏమియు కాలేదు గనుక ఇచ్చటను ఏమియు కాదు, త్రవ్వుకొందము, అమ్ముకొందము, అడుగవలదు" అనుట. దీనిని చదువుకొన్నవారు, పదవిలో ఉన్నవారు అనుచుందురు గనుక ఇది మరింత అపాయకరము. కరునాగపల్లి ఫలితము కరునాగపల్లిది. వారు కొలిచినారు గనుక వారికి ధైర్యముగ చెప్పు హక్కు వచ్చినది. భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరములందు ఇసుకను కొలిచిన పరిశోధకులు ఉన్నారు. కాని కేరళలో వలె వేలాది మనుష్యులను ఏండ్ల తరబడి కనిపెట్టిన పరిశీలన ఇచ్చట జరుగలేదు. రాశిలో దేశమునకు మొదటివారమైయుండి, లెక్కలో కడపటివారమై ఉండుట మనకు గౌరవము కాదు.

మరియు, ప్రకృతిలో చెదరియున్న ఖనిజము వేరు, యంత్రముతో వేరుచేసి కుప్పపోసిన ఖనిజము వేరు. అలలు చేసిన పనినే కర్మాగారము వేయిరెట్లు చేయును. ఇసుకనుండి మోనజైటును వేరుచేసి తీసినప్పుడు మిగిలిన తీరమున వికిరణము తగ్గును. ఇది నిజమే, దీనిని దాచరాదు. కాని తీసిన మోనజైటు ఎక్కడ చేరునో, ఆ ధూళిని పీల్చు కార్మికుడు ఎవరో, వ్యర్థము ఏ వాగు ప్రక్కన నిలుచునో అడుగవలసినదే. యురేనియము విషయములోను ఇదే మాట. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో ప్రారంభమైన గనికి చేరువ గ్రామములవారు తమ బోరు నీరు, తమ అరటితోటలు పాడైనవని ఫిర్యాదు చేసినారు. నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు ప్రాంతములో యురేనియము త్రవ్వకమును 2003లో బహిరంగ విచారణయందు జనము ఎదిరించినారు. నాగార్జునసాగరపు నీరు చేరువనే ఉన్నదని వారి ఆందోళన. నల్లమలలో త్రవ్వకము వలదని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించినది. ఈ జనులందరును శాస్త్రమునకు శత్రువులు కారు. "మా నేల సంగతి మాకు చెప్పి చేయుడు" అన్నారు. అంతకన్న న్యాయమైన కోరిక ఏమున్నది?

కావున మా అభిప్రాయము స్పష్టముగ చెప్పుచున్నాము. తెలుగు తీరమున మోనజైటు ఇసుక త్రవ్వకము పెరుగకముందే, కరునాగపల్లిలో వలె ఆరోగ్యపు నమోదు పుస్తకము తెరువవలెను. త్రవ్వకము మొదలైన పిదప తెరచిన పుస్తకము ముందు వెనుకలను పోల్చలేదు. కొలిచిన లెక్కలు ఆంగ్లములో, ఎక్కడో ఒక సంచికలో నిద్రింపరాదు. గ్రామపంచాయతీ గోడమీద తెలుగులో ఉండవలెను. ఇది దయ కాదు, ఆ నేలమీద పడుకొని లేచువారి హక్కు.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. నూజివీడు సముద్రతీరము కాదు; మనకు మోనజైటు దిబ్బలు లేవు. అయినను ప్రకృతి వికిరణమునుండి మనము నేర్చుకొనవలసిన మూడు సంగతులు కలవు.

ఒకటి, గాలి. పెద్దల పెంకుటిండ్లలో, మండువా లోగిళ్లలో గాలి తిరుగుచుండెను. ఇప్పుడు ఏ.సీ. పెట్టించి, కిటికీలు బిగించి, రాత్రియంతయు ఒకే గాలిని పీల్చుచున్నాము. రేడాను పోగగుటకు ఇంతకన్న అనుకూలము లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇండ్లలోని రేడానుకు ఘనమీటరునకు 100 బెకెరల్స్ అను హద్దును సూచించినది. అనేక దేశములలో పొగాకు తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు రెండవ ప్రధాన కారణము రేడానే. ఉదయము తలుపులు, కిటికీలు తెరచుటకు ఖర్చు లేదు.

రెండు, పొగాకు. మన ప్రక్కనే జంగారెడ్డిగూడెం సీమలో బంగారు రంగు పొగాకు పండును. ఆ ఆకుమీద పొలోనియము, సీసము అను రేడియోధార్మిక పదార్థములు గాలినుండియు, నేలనుండియు చేరి, పొగతోపాటు నేరుగ ఊపిరితిత్తులలోనికి దిగును. రేడాను ఉన్న ఇంటిలో పొగ త్రాగువానికి రెండు అపాయములును కూడుకొనుట గాదు, హెచ్చవేసికొనును. టవరును చూచి భయపడి బీడీ ముట్టించు పెద్దమనిషికి ఈ వాక్యమును గౌరవముతో చదివి వినిపింపవలసినదిగ మా తోటి విద్యార్థులను కోరుచున్నాము.

మూడు, నీరు. తోటలలోను, వసతిగృహములలోను లోతైన బోర్లు వేసి, రాతి నెఱ్ఱెలలో ఏండ్లుగ నిలిచిన నీటిని తోడుచున్నాము. గట్టిరాతి నీటిలో ఫ్లోరైడు కరగినట్లే, కొన్ని చోట్ల యురేనియమును కరగును. త్రాగునీటిలో యురేనియమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరునకు 30 మైక్రోగ్రాములు. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధన మన దేశములో 16 రాష్ట్రముల భూగర్భజలములలో యురేనియము ఉన్నట్లు చూపినది. యురేనియము నీటిద్వారా చేసెడి హాని ముఖ్యముగ మూత్రపిండములకు; అదియును వికిరణమువలన కంటె దాని లోహస్వభావమువలననే. బోరు నీరు తియ్యగా ఉన్నదని నాలుక చెప్పును. అందులో ఏమున్నదో పరీక్షయే చెప్పవలెను.

వైద్యమును గురించి ఒక్క మాట. ఒక పొట్ట సీటీ స్కానులో సుమారు 8 నుండి 10 మిల్లీసీవర్టుల వికిరణము దేహమునకు తగులును; అనగా ప్రకృతి మూడు నాలుగేండ్లలో ఇచ్చునది కొన్ని నిమిషములలో అందును. అవసరమైన స్కాను ప్రాణము నిలుపును, దానికి వెనుదీయరాదు. కాని "అన్నీ తీసేయండి డాక్టరుగారూ" అని మనమే అడిగి తీయించుకొనుట తెలివి కాదు. గర్భవతులైన అక్కచెల్లెండ్రు ఎక్స్‌రే గదిలోనికి పోకముందే తమ స్థితిని చెప్పుట మరువరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మేము వినయముతో చేయు విజ్ఞప్తి ఇది. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక మంచి వికిరణమాపకమును కొని ఇప్పింపుడు. దాని ధర వార్షికోత్సవపు షామియానా ఖర్చుకు మించదని మా నమ్మకము. కళాశాల ఆవరణలో, మసీదు ముంగిట, మార్కెటు యార్డులో, చెరువు గట్టున, చుట్టుప్రక్కల తోటలలో మేమే నెలకొకసారి కొలిచి వ్రాసెదము. వసతిగృహపు బోరు నీటిని ఏడాదికొకసారి పరీక్షకు పంపుడు. ఆ ఫలితములు ఏవైనను, మంచివైనను చెడ్డవైనను, ఉర్దూలోను తెలుగులోను గోడపత్రికమీద పెట్టుదము. ఐదేండ్లు ఆ పని ఆగక జరిగినచో నూజివీడు సీమకు ఒక చిన్న లెక్క పుస్తకము మిగులును. పెద్ద శాస్త్రములు అట్టి చిన్న పుస్తకములతోనే మొదలైనవి.

సాధనములు లేవని నిరాశ వలదు. గోరగనమూడి అను గోదావరి జిల్లా పల్లెలో 1896లో పుట్టిన ఒక తెలుగువాడు సన్న్యసించి, స్వామి జ్ఞానానందయై, ఐరోపాకు పోయి భౌతికశాస్త్రమును అభ్యసించి, చాడ్విక్ వంటి మహాశాస్త్రజ్ఞుని దగ్గర పరిశోధించి, తిరిగివచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయములో అణుభౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసినాడు. బెకెరల్ వికిరణమును కనుగొన్న సంవత్సరమే ఆయన పుట్టిన సంవత్సరము. కాషాయము ధరించినవానికి కిరణములతో పనియేమి అని ఆయన అనుకొనలేదు. పల్లెటూరి పిల్లలము, అల్పసంఖ్యాకుల కళాశాలలో చదువువారము, మాకు పరిశోధన ఎందుకు అని మేము మాత్రము ఎందుకు అనుకొనవలెను?

ఈ వేసవిలో పండ్లు దిగి లారీలు కదలునప్పుడు మళ్లీ ఆ టీ కొట్టు దగ్గర ఆ నలుగురు చేరుదురు. మళ్లీ ఆ మాట వచ్చును. అప్పుడు మన కళాశాల విద్యార్థి ఒకడు అచ్చట కూర్చొని, "బాబాయీ, ఆ టవరు సంగతి తరువాత, మన బోరు నీరు ఎప్పుడైన పరీక్ష చేయించినావా? ఆ బీడీ రోజుకు ఎన్ని?" అని అడుగగలిగినచో, మా ఈ వ్యాసము ఫలించినట్లే.